వాయనంలో పెట్టిన పుస్తకం

నా పుస్తకం బళ్ళారి చుట్టుపక్కల అరవై ఇళ్ళలో ఉంది. గొప్పకు చెప్పడం లేదు, వాటిలో సగం ఇళ్ళకు నేనే వెళ్ళి కళ్ళారా చూశాను. ఒక్క ఇంట్లోనూ అది చదువుకునే బల్ల మీద కనిపించలేదు. అన్నిచోట్లా దేవుడి గూట్లోనే ఉంది. అట్టకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, శుక్రవారం శుక్రవారం ఒక పువ్వు కూడా పెడుతున్నారు. ఇంత మర్యాద ఏ రచయిత్రికి దక్కింది చెప్పండి! చదివినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి. ఆమె మా ఆయనకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే ఆమె భర్త ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె పుట్టింటికి వచ్చేసింది. వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ మనిషి అక్కడ బతికే ఉన్నాడు కాబట్టి ఈమె ఇక్కడ మెడలో తాళితో, నుదుట రూపాయంత బొట్టుతో ముత్తైదువగానే ఉంది. ఏటా వరలక్ష్మీ వ్రతం తప్పకుండా చేస్తుంది. నేను కోడలిగా వచ్చేనాటికే మా అత్తగారు లేరు. సామాన్ల గది తాళంచెవులు వదిన నడుముకు వేలాడుతుండేవి. ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నాయి.

నాది తెక్కలకోట దగ్గర ఒక క్యాంపు. కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడిన వాళ్ళ ఊళ్ళను ఈ వైపు క్యాంపులనే అంటారు. బడి కన్నడంలో. తెలుగు మా అమ్మ నేర్పింది, మధ్యాహ్నం అన్నాలయ్యాక, వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో. పెళ్ళయ్యాక ఆమెకు ఉత్తరాలు రాసేదాన్ని. నా మొదటి కథలు కూడా ఉత్తరాల్లోనే పంపాను. ఆమె తప్పులు దిద్ది, కింద ‘తర్వాత ఏమైంది?’ అని రాసి తిప్పి పంపేది. ఆమె పోయి పదకొండేళ్ళయింది. ఆ తర్వాత నేను రాసింది చూసి, తర్వాత ఏమైందని అడిగినవాళ్ళు లేరు.

మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. పోట్లాడేది తెలుగులో, మొక్కుకునేది తెలుగులో, మా ఆయన లారీ డ్రైవర్లను తిట్టేది కూడా తెలుగులోనే. చదివేది మాత్రం కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే, కాస్త కూడబలుక్కుంటే రాకపోదు. ఆ కాస్త ఎవరు కూడబలుక్కుంటారు? పుస్తకం ఇంటికి వచ్చిన రోజు మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అట్ట మీద నా పేరు కూడబలికాడు. లోపల ఇంకో పేజీ తిప్పి, అంకితంలో తన పేరు ఉందో లేదో వెతికి, ఉందని చూసుకుని, “బాగుండాది” అని మూసేశాడు. మా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం. అట్ట ఫొటో స్టేటస్‌లో పెట్టింది. “అమ్మా, ఆడియో చేసి పంపు, ఆఫీసు బస్సులో వింటా” అంది. వదిన సంగతి సరే సరి. ఆమె ఏ బడి మెట్టూ ఎక్కలేదు.

అందుకే నేను ఆమె ఎదురుగానే కూర్చుని ఆమె గురించి రాశాను.

భోజనాల బల్లకు అటువైపు ఆమె చాటలో బియ్యం ఏరుతుండేది. ఇటువైపు నేను నోటుపుస్తకం బార్లా తెరుచుకుని రాస్తుండేదాన్ని. దాచుకోవాల్సిన పనే లేదు. ఆమె తల ఎత్తి చూసినా నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని కాదు.

“ఏం రాస్తాండావుమే అంతగా?”

“ఏదోలే వదినా, ఊరికే.”

“ఆగాగి రాయి. వేళ్ళు నొస్తాయి.”

అని మళ్ళీ రాళ్ళేరుకునేది. నేనేమో ఆ పూట ఆమె తాళంచెవుల గురించి రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో మా నాన్న నన్ను చూడ్డానికి తెక్కలకోటలో బస్సెక్కి వచ్చాడు. బళ్ళారి ఎండ సంగతి తెలిసిందే కదా, ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. వదిన ఆయన్ను పలకరించింది, కుర్చీ వేసింది. తర్వాత సామాన్ల గదికి తాళం వేసి, పక్క వీధిలో పేరంటం ఉందని చెప్పి వెళ్ళిపోయింది. కాఫీపొడి, చక్కెర ఆ గదిలోనే ఉన్నాయి. ఆయన రెండు గంటలు కూర్చున్నాడు. ఆమె రాలేదు. పక్కింటికి పోయి అప్పు అడుగుదామంటే, కొత్త కోడలిని, కాలు కదల్లేదు. చెంబుతో నీళ్ళిచ్చాను. “నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా” అని తాగి, బస్సుకు టైమైందని లేచాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు.

ఈ సంగతి నా కడుపులో ముప్పై ఏళ్ళు ఉడికింది. ఒకసారి మా ఆయనతో అంటే “అప్పటి మాటలు ఇప్పుడేల?” అన్నాడు. ఇంకెవరితో అంటాను? కథగా రాశాను. తాళంచెవులు, చెంచాతో కొలిచి ఇచ్చే చక్కెర, మా నాన్న తాగిన నీళ్ళు, అన్నీ పెట్టాను. చివర ఒక వాక్యం రాశాను: ‘ఆమె పోయిన రోజున ఆ ఇంట్లో ఏడ్చేవాళ్ళు ఒక్కరు కూడా ఉండరు.’ అది రాసి కలం మూస్తే, అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! బల్లకు అటువైపు ఆమె బియ్యం చెరుగుతోంది. నూక ఎగిరి నా కాగితం మీద పడితే ఊదేశాను.

చదివేవాళ్ళు లేని ఊళ్ళో రాయడంలో ఆ సుఖం ఉంది. ఎవరి గురించైనా ఏమైనా రాసుకోవచ్చు. కానీ రాసిన మర్నాటికే ఎవరికైనా చూపించాలని గుండె కొట్టుకుంటుందే, దాన్ని ఏం చేయాలో నాకు తెలిసేది కాదు. ఒంటరితనం అంటే ఇంట్లో మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇంటినిండా మనుషులు, అందరిదీ నా భాషే, అయినా నేను రాసిన కాగితం వాళ్ళకు బియ్యం మూటకు కుట్టిన చీటీతో సమానం.

పుస్తకం వేయించడం ఇంకో కథ. ఒక పత్రికకు కథ పంపితే ఆ సంపాదకుడు ఫోన్ చేశాడు. “అమ్మా, మీ పాత్రలు మాట్లాడే తెలుగు మా పాఠకులకు ఎక్కదు. మధ్యమధ్య కన్నడం కూడా వస్తోంది. కొంచెం మార్చి రాస్తారా?” అన్నాడు, చాలా మర్యాదగానే. మా వదిన నోట్లో మాట తీసేసి ఇంకెవరి మాటో పెట్టమంటాడు! ఒళ్ళు మండింది, మార్చనన్నాను. ఇక్కడి కన్నడ సాహిత్య సభలో ఒక పెద్దాయన, “కన్నడదల్లి బరీరి మేడం, నావు ఓదుత్తీవి” అన్నారు, కన్నడంలో రాయండి, మేం చదువుతాం అని. ఆయన కూడా మంచివాడే. ఇద్దరు మంచివాళ్ళ మధ్య నేను ఎటూ కాకుండా పోయాను. చివరికి మా ఆయనే “వేయించుకో, అంత ముచ్చటైతే” అన్నాడు. విజయవాడలో అచ్చువేయించాం. అక్కడ అట్ట గీసినవాడికి కథల గురించి ఫోన్లో చెబితే, ఎర్ర చీర, నడుమున తాళంచెవులు, చేతిలో ఇత్తడి దీపంతో ఒక ఆడమనిషిని గీశాడు. చుట్టూ పచ్చటి అంచు. చూడ్డానికి బాగుందని నేను సరేనన్నాను. ఆ బుద్ధిమంతుడు తల వెనకాల కొంచెం వెలుగు కూడా పెట్టాడు. అదే కొంప ముంచింది.

కట్టలు మా లారీలోనే, ఎరువుల బస్తాల మీద కూర్చుని వచ్చాయి. పెట్టడానికి చోటు లేక వదిన మంచం కిందకు తోశాం.

తర్వాత అమ్ముకోవడం. రాయడం కంటే ఇది వేరే పని, దీనికి సిగ్గు ఉండకూడదు. నాకు ఉంది. ఆవిష్కరణ సభకు ముఖ్య అతిథి కన్నడంలో తెలుగు గొప్పతనం గురించి ముప్పావుగంట మాట్లాడి, పుస్తకం ముడి విప్పి, ఫొటో అయ్యాక మళ్ళీ నా చేతికే ఇచ్చేశాడు. వచ్చినవాళ్ళు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, బాగుందన్నారు. ఏది బాగుందో నేను అడగలేదు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే దండం పెట్టే చేతులు వరసగా వచ్చాయి. బళ్ళారిలోనే బెంగళూరు రోడ్డులో ఒక పుస్తకాల కొట్టతనికి అయిదు కాపీలు ఇచ్చాను. ఆ కొట్లో తెలుగులో ఉండేవి రెండే రకాలు, పంచాంగాలు, వ్రతాల పుస్తకాలు. నాది వాటి మధ్యన పెట్టాడు. నెల తర్వాత వెళితే, “ఒగటి పోయిండె మేడం. కానీ ఆయమ్మ వాపసు తెచ్చిచ్చె. పూజ ఎట్ల చేయాలో ఇందులో రాయలేదంట” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ అయిదూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

ఆ తర్వాత నేను పుస్తకం మాట ఎత్తలేదు. అన్నం వండేదాన్ని, టీవీ ముందు కూర్చునేదాన్ని, ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేదాన్ని. నోటుపుస్తకం తీయబుద్ధి కాలేదు.

శ్రావణంలో వ్రతం వచ్చింది. ఆ రోజు పేరంటానికి వచ్చేవాళ్ళు చాలామంది, ఒక గుంపు వెళితే ఒక గుంపు వచ్చేది. నేను వంటింట్లో పులిహోర పొట్లాలు కడుతూ ఉండిపోయాను. వాయనాలు ఇచ్చేది వదిన. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె గదిలోకి చీపురు పట్టుకుని వెళ్ళి వంగితే, మంచం కింద ఒక కట్ట లేదు. ఇంకో కట్ట విప్పి ఉంది.

“వదినా, ఇక్కడి పుస్తకాలు?”

“వాయనంలో పెట్టినా. రవికె గుడ్డ, టెంకాయ, పండ్లు పెట్టి సూస్తే సంచి బోసిగా కనిపించె. ఒగటొగటి ఏసినా.”

“నన్ను ఒక్క మాట అడగాలి కదా!”

“అడిగితే నువ్వు ఒద్దంటావు. మంచం కింద పెట్టుకోని, మొగం ఏలాడేసుకోని తిరుగుతాండావు ఇన్ని నెలల్నుంచి. నాకు కండ్లు లేవా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఏళ్ళ తరబడి రాసుకున్నది తమలపాకుల కింద, అరటిపండ్ల పక్కన! తలుపు దబాలున వేసి బయటికి వచ్చేశాను. కోపం దిగాక వేరే ఆలోచన మొదలైంది. అరవై ఇళ్ళు. అరవైమందిలో పదిమందైనా తెరవరా? తెరిస్తే వదిన కథ చదువుతారు. చదివితే తాళంచెవులు చూసి గుర్తుపట్టరా? గుర్తుపట్టి ఈమెతో అనరా? ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. మోగకపోతే ఇంకా బాధగా ఉండేది. చదివారని భయం, చదవలేదని దిగులు. రెండూ కలిపి ఒకే మనిషికి ఎలా ఉంటాయని మీరడిగితే, ఉంటాయి, నాకు ఉండేవి.

ఎవరూ ఏమీ అనలేదు. దసరా దాటింది. అప్పుడు సంగనకల్లులో ఒక చుట్టాలావిడ ఇంటికి పసుపు కుంకానికి వెళ్ళాను. దేవుడి గదిలోకి తొంగి చూసి నిలబడిపోయాను. పటాల మధ్యలో నా పుస్తకం, గోడకు ఆనించి. అట్ట మీది ఎర్రచీర మనిషి నుదుటికి కుంకం, పాదాల దగ్గర చామంతి.

“ఇదేంటమ్మా, ఇక్కడ పెట్టావు?”

“మరి యాడ పెట్టాలక్కా? వాయనంలో ఇచ్చిన అమ్మవారి బుక్కు, యాడంటే ఆడ పెడితే పాపం గదా.” ఆమె గొంతు తగ్గించింది. “ఈయమ్మ మా ఇంటికి వచ్చినంకనే మా ఆయనకు జీన్సు వాషింగు యూనిట్లో పని కుదిరె. శానా మహిమ ఉండాది.”

నేనేం చెప్పాలి? ఆమె అమ్మవారు కాదు, మా ఆడపడుచు అనా? మహిమ లేదు, మూడు వందల పేజీల నా ఏడుపు ఉంది అనా? బొట్టు పెట్టించుకుని వచ్చేశాను. ఆ తర్వాత కావాలని నేనే ఒక్కో ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇదే. మా వైపు ఆడవాళ్ళకు తెలుగు అచ్చులో చేతికొచ్చేది వ్రతాల పుస్తకం ఒక్కటే. అదీ వాయనంతో వస్తే ఇక అనుమానం ఎందుకుంటుంది? వాళ్ళ తప్పు ఏముంది. చెప్పకుండా మూసుకుని కూర్చున్నది నేను. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆ గూట్లోంచి కూడా తీసేస్తారు. మా ఇంట్లో వదిన కూడా పూజ గూట్లో ఒకటి పెట్టుకుంది. రోజూ పొద్దున తానే బొట్టు పెట్టేది. ఆ పేజీల్లో ఏముందో తెలిసిన నేను, కాఫీ కలుపుతూ తల తిప్పుకునేదాన్ని.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఈసారి ఇరవైమంది ఆడవాళ్ళు పూజకే వచ్చి కూర్చున్నారు. సగంమంది చేతుల్లో నా పుస్తకం, పట్టుగుడ్డలో చుట్టి. పూజ అయింది. కథ వినాల్సిన వేళయింది.

“పోయిన సారి యూట్యూబులో కథ పెడితే మధ్యలో సబ్బు యాడ్ వచ్చె. ఈసారి అది ఒద్దు” అంది సంగనకల్లు ఆవిడ. “బుక్కు రాసినక్కే ఉండాది గదా. నువ్వే సదువక్కా.”

అందరూ అవునన్నారు. వదిన గూట్లోంచి తన పుస్తకం తీసి, కళ్ళకద్దుకుని, నా చేతికిచ్చింది. పీట వేసింది. ఇరవైమంది దోసిట్లోకి అక్షింతలు తీసుకున్నారు. కథ అయ్యేదాకా అవి చేతిలోనే ఉంచుకుని, అయ్యాక అమ్మవారి మీద వేసి, తమ తల మీద వేసుకోవాలి. అందరూ నోరు మూసుకున్నారు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చదవబోయేది వినడానికి ఇరవైమంది ఊపిరి బిగబట్టి కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.

పుస్తకం తెరిస్తే నేరుగా వదిన కథే తెరుచుకుంది. నేను ఎక్కువసార్లు తెరిచిన పేజీ అది, అచ్చుతప్పులు చూసింది ఈ కాపీలోనే. ఎదురుగా మొదటి వరసలో వదిన, పిడికిట్లో అక్షింతలు, నా ముఖంలోకే చూస్తోంది.

నాకు ధైర్యం చాలలేదు. “అనగనగా ఒక పట్టణంలో ఒక ఇల్లాలు ఉండేది” అని మొదలుపెట్టాను. ఆమెకు పెద్దల మీద గౌరవం, వచ్చినవాళ్ళ మీద ఆదరం. ఆమె గడప తొక్కినవాళ్ళు ఉట్టి చేతులతో వెళ్ళేవాళ్ళు కాదు. ఇలా నోటికొచ్చింది అల్లుకుంటూ పోయాను. అమ్మవారు కలలోకి వచ్చింది, కడవ నిండా బంగారం ఇచ్చింది. అక్షరం మీద వేలు పెట్టి చదువుతున్నట్టు నటించాను. అందరూ మధ్యమధ్య కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు. అయిపోగానే అక్షింతలు అమ్మవారి మీద పడ్డాయి, తలల మీద పడ్డాయి. “శానా బాగా రాసినావక్కా” అన్నారు. నా పుస్తకానికి వచ్చిన మొట్టమొదటి మెప్పు అది. నేను రాయనిదానికి వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

వాయనాలు తీసుకుని అందరూ వెళ్ళారు. నాలుగైంది. నేను చాపలు చుడుతుంటే వదిన లేవలేదు. కూర్చున్న చోటే కూర్చుని ఉంది. పిడికిలి ఇంకా మూసే ఉంది.

“అక్షింతలు వేసుకోలేదేం వదినా?”

“కథ వింటే గదా ఏసుకునేకి.”

“చదివాను కదా.”

“కథ అంతా అయ్యేదాకా ఒగ పేజీ గూడా తిప్పలే నువ్వు. అంత పెద్ద కథ ఒగే పేజీలో రాసినావా?” ఆమె గొంతులో కోపం లేదు. “నాకు సదువు రాదు గానీ కండ్లుండాయిమే. కూర్చో. బుక్కులో ఉండేది సదువు.”

“ఇప్పుడెందుకులే వదినా, పని ఉంది.”

“సంవత్సరం నుంచి బొట్టు పెడతాండా దానికి. నువ్వు ఏం రాసినావో ఒగ దినమన్నా సెప్పినావా? సదువు.”

కూర్చున్నాను. చదివాను. మొదటి పేజీలో తాళంచెవులు వచ్చినప్పుడు ఆమె చెయ్యి నడుం దగ్గరికి పోయింది, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. రెండో పేజీ తిప్పాను. చక్కెర. మూడో పేజీ. మా నాన్న బస్సు దిగి నడిచి వచ్చాడు. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినబడింది.

“మీ నాయనా ఇది?”

“అవును.”

“ఈయమ్మ నేనా?”

“అవును వదినా.”

“సదువు.”

చివరి పేరా దాకా చదివాను. ఆపి, పుస్తకం మూయబోయాను. “అయిపోయింది.”

పసుపు అంటిన వేలు వచ్చి పేజీ అడుగున ఆగింది. “ఇంకా ఈ రెండు వరసలు ఉండాయి గదా.”

చదివాను. ఏం చేయను? చదివాను. ‘ఆమె పోయిన రోజున ఆ ఇంట్లో ఏడ్చేవాళ్ళు ఒక్కరు కూడా ఉండరు.’ అంత మెల్లగా నేను ఎప్పుడూ ఏదీ చదవలేదు. అయినా ప్రతి మాటా వినబడింది.

వదిన పిడికిలి తెరిచింది. బియ్యం చెమటకు ముద్దయ్యాయి, అరచెయ్యంతా పసుపు. కథ అయిపోయింది కాబట్టి వాటిని తల మీద వేసుకుంది.

“మీ నాయనకు కాఫీ ఈలేదని రాసినావే, అది నిజమే” అంది. “పేరంటం లేదు, ఏమీ లేదు. వీధి చివర కట్ట మీద కూర్చోనుంటి, మీ నాయన పోయేదాకా.”

“ఎందుకు వదినా?”

“నేను ఆడ సంసారం చేసిన రెండేండ్లలో మా నాయన నన్ను సూసేకి ఒగసారి గూడా రాలే. నిన్ను సూసేకి మీ నాయన అంత ఎండలో బస్సెక్కి వచ్చె. నాకు ఓర్సుకునేకి కాలేదు.” పసుపు అరచెయ్యి కొంగుకు తుడుచుకుంది. “ఇది నువ్వు రాయలేదు.”

“నాకు తెలీదు కదా.”

“నువ్వు ఎప్పుడడిగితివి?”

నిజమే. ముప్పై ఏళ్ళు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. మా అమ్మ నన్ను అడిగినట్టు, తర్వాత ఏమైందని ఆమెను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నా కథలో ఆమె ఏంటో నేనే తేల్చేసి, చివర ఆమె చావు కూడా రాసేశాను.

“ఆ చివర రాసినావే,” అంది, గూట్లో దీపం వైపు చూస్తూ. “నువ్వు గూడా ఏడ్వవా?”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు ఏడిస్తే అది ఆమె అడిగినందుకు ఏడ్చినట్టవుతుంది. పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఎవరైనా నా పుస్తకం చదివి ఒక్క ప్రశ్న అడిగితే చాలని ఎన్నేళ్ళు ఎదురుచూశాను! అడిగింది. నేను లేచి వెళ్ళి కలం తెచ్చి, ఆమె కాపీ తెరిచి, ఆ రెండు వరసల మీద అడ్డంగా గీశాను. కాగితం చిరిగేంత గట్టిగా.

“ఏం చేస్తాండావు?”

“కొట్టేస్తున్నా వదినా, ఆ చివరి మాట.”

“ఈ ఒగదాంట్లో కొట్టేస్తే? అందరి ఇండ్లల్లో ఉండాది గదా.”

“అన్ని ఇళ్ళకూ పోతాను. ఒక్కో ఇంట్లో అడిగి తీసుకుని కొట్టేసి వస్తా.”

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. తాళంచెవులు గలగలమన్నాయి. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టింది. నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఒద్దులేమే. ఉండనీ. దాన్ని ఎవురు సదువుతారు?”

నన్ను ఓదార్చడానికే ఆ మాట అంది.